ది ఫుడ్ ప్రోగ్రామ్: బీబీసీ రేడియోలో తిండి ముచ్చట

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 వారం వారం ప్రసారం చేసే ఆహార కార్యక్రమం ది ఫుడ్ ప్రోగ్రామ్. 1979లో డెరెక్ కూపర్ అనే పాత్రికేయుడు దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో ఆరు భాగాలకే అనుమతి దొరికింది. నాలుగున్నర దశాబ్దాలు గడిచినా కార్యక్రమం నడుస్తూనే ఉంది. చాలా ఏళ్లపాటు ఒక్కో భాగం నిడివి అరగంటకు కాస్త తక్కువగా ఉండేది. ఆ రోజుల్లో అది ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చేది. ఇంగ్లండు ఇళ్లలో వారం మొత్తానికీ పెద్ద భోజనం సిద్ధమయ్యే వేళ అది.

పేరు చూసి ఇది వంటలు నేర్పే కార్యక్రమం అనుకోకూడదు. పాళ్లు, కొలతలు, ఎంత సెగ మీద ఎంతసేపు ఉంచాలి వంటి సంగతులు ఇందులో అరుదు. ఈ రొట్టెలో ఏమేం కలిపారు? ఈ పాలు పోసిన రైతు చేతికి ఎంత అందింది? ఈ రకం చీజ్ చేసేవాళ్లు ఇంకా ఎంతమంది మిగిలారు? ఆసుపత్రిలో రోగి ముందు పెట్టిన పళ్లెంలో ఏముంది? ఇలాంటి ప్రశ్నలే కార్యక్రమానికి ఆధారం. రేడియోలో తిండి గురించి మాట్లాడటం ఇంతకు యాభై ఏళ్ల ముందే మొదలైంది. కాకపోతే ఆ మాటల వెనుక పిండి మిల్లు యజమానులో, ప్రభుత్వ శాఖలో ఉండేవారు. తినేవాళ్ల తరఫున నిలబడి అడిగే గొంతు రావడానికి అంతకాలం పట్టింది. ఈ కార్యక్రమం విలువ తెలియాలంటే ఆ వెనకటి కథ కొంత తెలియాలి.

పిండి కంపెనీ గొంతు, ప్రభుత్వం గొంతు

అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ క్రాస్బీ అనే పిండి మిల్లుల కంపెనీ ఉండేది. వంట సందేహాలతో దానికి ఇల్లాళ్ల నుంచి కట్టలకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. జవాబుల కింద సంతకం పెట్టడానికి కంపెనీవాళ్లు 1921లో బెట్టీ క్రాకర్ అనే స్త్రీని కల్పించారు. అలాంటి మనిషి ఎక్కడా లేదు. 1924లో ఆ కల్పిత స్త్రీకి గొంతు కూడా వచ్చింది. కంపెనీ చేతిలోకి తీసుకున్న స్థానిక రేడియో కేంద్రం నుంచి 'గాలిలో వంటబడి' మొదలై, తర్వాత దేశమంతటికీ పాకి, రెండు దశాబ్దాలకు పైగా సాగింది. ఆ కేంద్రానికి డబ్ల్యూసీసీఓ అన్న పేరు పెట్టింది కంపెనీ పేరులోని పొడి అక్షరాలతోనే. పాఠాలు మంచివే, పనికొచ్చేవే. అయితే ఏ పాఠమైనా చివరికి ఆ కంపెనీ పిండి సంచీ దగ్గరికే చేరేది.

రెండేళ్లకు, 1926 అక్టోబరులో, అమెరికా వ్యవసాయ శాఖ కూడా ఒక స్త్రీని సృష్టించింది. పేరు ఆంట్ శామీ. ఆ దేశానికి ప్రతిరూపంగా చెప్పుకొనే అంకుల్ శామ్‌కు ఆమె భార్య అన్నమాట. మాటలన్నీ వాషింగ్టన్‌లో రాసి రేడియో కేంద్రాలకు పంపేవారు. ఏ ఊరి కేంద్రంలో ఆ ఊరి స్త్రీయే వాటిని చదివేది. ఆ విధంగా ఒకే రోజు దేశంలో పదుల సంఖ్యలో ఆంట్ శామీలు మాట్లాడేవారు, ప్రతి ఒక్కరూ తమ ప్రాంతపు యాసలో. 1927లో ఆమె వంటకాలు పుస్తకంగా వచ్చాయి. 1932లో ఆ పుస్తకం బ్రెయిలీ లిపిలోనూ అచ్చయింది. చూపు లేనివాళ్లకు రేడియో ఎంత దగ్గరిదో ఆనాటివాళ్లు గ్రహించారని దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్రిటన్‌లో ఆ పని యుద్ధం చేయించింది. 1940 జనవరిలో రేషన్ వచ్చింది. ఆ ఏడాది వేసవి నుంచి బీబీసీ ఉదయం ఎనిమిదింటి వార్తల తర్వాత ది కిచెన్ ఫ్రంట్ అనే అయిదు నిమిషాల కార్యక్రమం మొదలుపెట్టింది. దాని వెనుక ఉన్నది లార్డ్ వూల్టన్ నడిపిన ఆహార మంత్రిత్వ శాఖ. ఆ వారం బజారులో ఏది దొరుకుతుందో దానితో ఏం వండుకోవాలో చెప్పేవారు. బంగాళాదుంప, క్యారెట్ సమృద్ధిగా ఉండేవి కాబట్టి వాటి ముచ్చటే ఎక్కువ. గుడ్డు బదులు గుడ్ల పొడి వాడటం, ఉన్న కాస్త కొవ్వును వారమంతా సర్దుకోవడం వంటివి నేర్పేవారు. గెర్ట్, డైజీ అనే హాస్య జంట కబుర్ల మధ్యలో ఈ సలహాలు దొర్లించేవారు. అప్పటికి వయసులో చిన్నవారైన మార్గరీట్ ప్యాటెన్ ఈ కార్యక్రమంలో మాట్లాడి పేరు తెచ్చుకున్నారు. ఆమె 2015లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా బ్రిటన్‌లో ఇంటివంటకు పెద్దదిక్కు. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జులైలో. పద్నాలుగేళ్లు ఉన్నదానితో సరిపెట్టుకోవడానికి అలవాటుపడిన జనం, తమ ముందుకు వచ్చినది ఎలా ఉన్నా నోరెత్తకుండా తినడానికీ అలవాటుపడ్డారు. కూపర్ పోరాడింది ఈ అలవాటుతోనే.

డెరెక్ కూపర్

1925లో లండన్‌లో పుట్టారు. యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1950లలో సింగపూర్ వెళ్లి రేడియో మలయాలో ఉద్యోగం చేశారు. స్వదేశానికి తిరిగొచ్చాక టెలివిజన్‌లో, రేడియోలో, పత్రికల్లో ఒకేసారి పనిచేశారు. స్కాట్లాండ్ పడమటి దీవులన్నా, అక్కడి విస్కీ అన్నా ఆయనకు ప్రాణం. రెంటి మీదా పుస్తకాలు రాశారు. మంద్రంగా, నిదానంగా సాగే గొంతు ఆయనది. కోపం వచ్చినా ఆ గొంతు పెరిగేది కాదు. మాట మాత్రం పదునెక్కేది.

1967లో ఆయన ది బ్యాడ్ ఫుడ్ గైడ్ అనే పుస్తకం రాశారు. మంచి హోటళ్ల జాబితా ఇచ్చే గైడు బ్రిటన్‌లో 1951 నుంచీ ఉంది. కూపర్ దాన్ని తలకిందులు చేసి, ఆ దేశంలో డబ్బు తీసుకుని ఎంత చెడ్డ తిండి పెడుతున్నారో ఊరూరా తిరిగి రాశారు. కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. 1961లో చోర్లీవుడ్ పరిశోధన కేంద్రంలో కొత్త రొట్టె పద్ధతి పుట్టింది. పిండిని యంత్రంలో మహావేగంగా పిసికి, ఈస్టు మోతాదు పెంచి, కొవ్వు, కొన్ని రసాయనాలు చేర్చితే గంటల తరబడి పులియబెట్టే పని తప్పుతుంది. మెత్తటి, తెల్లటి, ముక్కలుగా కోసి కాగితం చుట్టిన రొట్టె చవగ్గా వచ్చింది. నేటికీ ఆ దేశపు రొట్టెలో దాదాపు 80 శాతం ఈ పద్ధతిలోనే తయారవుతోంది. వెంటే ఊరి రొట్టెల కొట్లు మూతపడ్డాయి. చీజ్, బీరు, పంది మాంసం కథలు కూడా ఇలాగే నడిచాయి.

ఇదంతా అడగడానికి కూపర్ రేడియోను ఎంచుకోవడంలో ఒక సూక్ష్మం ఉంది. టెలివిజన్‌లో వంటకం అందంగా కనబడితే చాలు, చూసేవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది. రేడియోలో పళ్లెం కనబడదు, వాసన రాదు. మిగిలేది మనిషి మాట, పని చప్పుడు. రొట్టె పైపెంకు చిట్లే శబ్దం, పెనం మీద కొవ్వు చిటపట, చీజ్ గది తలుపు కిర్రుమనడం వినిపించాక, ఆ పని చేస్తున్న మనిషి నోరు విప్పి చెప్పక తప్పదు. మంత్రి గానీ, సూపర్‌మార్కెట్ ప్రతినిధి గానీ జవాబు చెప్పేముందు తడబడి ఆగితే ఆ మౌనమూ వినేవాడికి తెలిసిపోతుంది.

ఇంకో కారణం డబ్బు. బీబీసీ ఇంటింటి లైసెన్సు రుసుముతో నడుస్తుంది. ప్రకటనలు లేవు. బిస్కట్ల కంపెనీకో, మాంసం కంపెనీకో కోపం వస్తుందని జంకనక్కర్లేదు. బెట్టీ క్రాకర్ అడగలేనివి, కిచెన్ ఫ్రంట్ అడగకూడనివి కూపర్ అడగగలిగారంటే ఆయన ధైర్యంతోపాటు ఈ ఏర్పాటు కూడా కారణం.

ఫిర్యాదులతోనే సరిపెట్టి ఉంటే కార్యక్రమం ఇన్నేళ్లు నిలిచేది కాదు. మంచి తిండి తయారుచేసేవాళ్లను కూపర్ వెతికి వెతికి మైకు ముందుకు తెచ్చారు. కార్యక్రమం మొదలైన 1979లోనే లండన్‌లో నీల్స్ యార్డ్ డెయిరీ అనే చిన్న కొట్టు తెరిచారు. దాన్ని నడిపిన ర్యాండాల్ఫ్ హాడ్జ్‌సన్ పల్లెటూళ్లు తిరిగి, ఇళ్లలో, చిన్న డెయిరీల్లో చేసే చీజ్‌లు కొనుక్కొచ్చి, చేసినవాళ్ల పేరు చెప్పి అమ్మారు. అంతరించిపోతున్న ఎన్నో రకాలు అలా బతికాయి. ఇలాంటివాళ్ల మాట దేశమంతా వినడానికి వేదిక ఈ అరగంట కార్యక్రమమే.

గుడ్లు, ఆవులు, మంత్రులు

1980ల చివర బ్రిటన్ వంటింట్లోకి భయం చొరబడింది. 1988 డిసెంబరులో ఆరోగ్య శాఖ సహాయ మంత్రి ఎడ్వినా కరీ, దేశంలో ఉత్పత్తయ్యే గుడ్లలో చాలావాటికి సాల్మొనెల్లా సోకిందన్నారు. గుడ్ల అమ్మకాలు కుప్పకూలాయి. రెండు వారాల్లో ఆమె పదవి పోయింది. అంతకంటే పెద్ద ముప్పు అప్పటికే పశువుల కొట్టాల్లో ఉంది. 1986లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి, అంటే బీఎస్ఈ. గడ్డి తినే పశువుకు చచ్చిన పశువుల మాంసం, ఎముకల పొడి దాణాగా వేయడమే దీని వ్యాప్తికి కారణం. ఆ దాణాను 1988లో నిషేధించారు. మనుషులకు ప్రమాదం లేదని మాత్రం ప్రభుత్వం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. 1990 మే నెలలో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ఎదుట తన నాలుగేళ్ల కూతురికి గొడ్డుమాంసం బర్గర్ అందించారు. చివరికి 1996 మార్చి 20న, ఈ మాంసానికీ మనుషుల్లో కనబడిన కొత్త మెదడు జబ్బుకూ సంబంధం ఉండొచ్చని ఆరోగ్య మంత్రి పార్లమెంటులో ఒప్పుకున్నారు. 40 లక్షలకు పైగా పశువులను చంపారు. ఆ జబ్బుతో బ్రిటన్‌లో 178 మంది చనిపోయారు.

ఈ కాలంలో కార్యక్రమానికి బలం షీలా డిల్లన్. న్యూయార్క్‌లో ఆహార రాజకీయాలపై వచ్చే ఫుడ్ మానిటర్ పత్రికలో పనిచేసి వచ్చిన ఆమె, 1980ల చివర విలేకరిగా చేరారు. బీఎస్ఈ, జన్యుమార్పిడి పంటలు, సూపర్‌మార్కెట్ల పెత్తనం ఆమె పట్టుకున్న విషయాలు. వంట శీర్షికను దినపత్రిక చివరి పేజీల్లో వేసే రోజుల్లో, అదే విషయం మొదటి పేజీ వార్త అని ఈ కార్యక్రమం చూపించింది. తిండి గురించి రాయడం అంటే రుచి గురించి రాయడమేనన్న అభిప్రాయాన్ని చెరిపేయడమే కూపర్, డిల్లన్ ఇద్దరూ చేసిన అన్నింటికన్నా పెద్ద పని అని నా అభిప్రాయం.

2001లో కూపర్ తప్పుకోగా డిల్లన్ ప్రధాన సమర్పకురాలయ్యారు. 2011లో ఆమెకు మైలోమా అనే రక్త క్యాన్సర్ బయటపడింది. చికిత్స పొందుతూనే, క్యాన్సర్ రోగికి ఆసుపత్రులు ఏం పెడుతున్నాయి, తిండి గురించి వైద్యులు ఎందుకు అంత తక్కువ మాట్లాడతారు అన్న ప్రశ్నలను శ్రోతల ముందుంచారు. సొంత కష్టాన్ని ప్రదర్శనకు పెట్టకుండా, దాన్ని అందరి ప్రశ్నగా మార్చడం తేలిక కాదు. కూపర్ 2014 ఏప్రిల్‌లో, 88 ఏళ్ల వయసులో మరణించారు.

హద్జాల వెంట

మూడో తరం ప్రతినిధి డాన్ సలడీనో. తండ్రి వైపువాళ్లది సిసిలీ. కనుమరుగవుతున్న పంటలు, వంటలు ఆయన విషయం. 2017లో ఆయన టాంజానియాలో ఎయాసీ సరస్సు దగ్గర ఉండే హద్జాల మధ్యకు వెళ్లారు. వ్యవసాయం జోలికి పోకుండా వేట, సేకరణలతోనే బతికే అతి కొద్దిమందిలో వాళ్లూ ఉన్నారు. లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు టిమ్ స్పెక్టర్ కూడా వెంట వెళ్లి, మూడు రోజులు వాళ్ల తిండే తిన్నారు. పొద్దున బావోబాబ్ కాయ గుజ్జు నీళ్లలో గిలక్కొట్టిన చిక్కటి పానీయం. తర్వాత అడవి పళ్లు, దుంపలు. ఒకరోజు వేటగాళ్లు పుట్టల కింది సొరంగాల్లో దూరి ముళ్లపందులను పట్టారు. గుండె, కాలేయం అక్కడికక్కడే కాల్చుకున్నారు. చివర్లో తుట్టెతో సహా తేనె. మూడు రోజులయ్యేసరికి స్పెక్టర్ పేగుల్లోని సూక్ష్మజీవుల వైవిధ్యం 20 శాతం పెరిగింది. ఇంటికొచ్చిన కొద్దిరోజులకే మళ్లీ పాత స్థితికి దిగింది. (బావోబాబ్ మనకు బొత్తిగా కొత్తది కాదు. గోల్కొండ నయాఖిలాలో హతియాన్ కా ఝాడ్ అని పిలిచే మహావృక్షం ఈ జాతిదే, ఆఫ్రికా నుంచి వచ్చినదే.)

రేడియోకు ఇంతకన్నా తగిన ఘట్టం దొరకదు. తేనె కోసం బయల్దేరిన హద్జా వేటగాడు ముందు ఈల వేస్తాడు. హనీగైడ్ అనే చిన్న పిట్ట ఎక్కడి నుంచో బదులు పలుకుతుంది. అతను మళ్లీ ఈల వేస్తాడు, పిట్ట కొమ్మ నుంచి కొమ్మకు దారి చూపిస్తూ తేనెపట్టు ఉన్న చెట్టు దాకా తీసుకెళుతుంది. వేటగాడు మానులోకి కర్ర మేకులు దిగ్గొట్టుకుంటూ పైకెక్కి, పొగ పెట్టి తేనె తీస్తాడు. మైనం, పిల్లపురుగులు పిట్ట వాటా. మనిషికీ అడవి పక్షికీ మధ్య నడిచే ఈ సంభాషణను కళ్లతో కాకుండా చెవులతో అందుకోవడంలోనే సొగసు ఉంది.

ఇలాంటి ప్రయాణాలన్నీ కలిసి 2021లో ఈటింగ్ టు ఎక్స్‌టింక్షన్ అనే పుస్తకమయ్యాయి. తూర్పు టర్కీలో మిగిలిన కవిల్జా గోధుమ, ఆర్క్‌నీ దీవుల బేర్ బార్లీ, మేఘాలయ గారో కొండల్లోని మెమాంగ్ నారంగ్ అనే అడవి నారింజ వంటివి అందులో ఉన్నాయి. స్టిచెల్టన్ అనే ఇంగ్లిష్ చీజ్ కథ కూడా ఉంది. పాత పద్ధతిలో పచ్చిపాలతో చేసే ఈ చీజ్‌ను స్టిల్టన్ అని పిలవడానికి చట్టం ఒప్పుకోదు. ఎందుకంటే 1996లో ఆ పేరుకు రక్షణ కల్పించినప్పుడు పాలు వేడిచేసి శుద్ధి చేయాలన్న నిబంధన పెట్టారు. భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తులు పెట్టే మనవాళ్లంతా తెలుసుకోవలసిన సంగతి ఇది. నిబంధన రాసేటప్పుడు తప్పు జరిగితే అసలు సరుకే పేరు పోగొట్టుకుంటుంది.

లైలా కాజిమ్, బీరు తయారీదారు జేగా వైజ్ కూడా ఇప్పుడు సమర్పకుల్లో ఉన్నారు. 2000లో కార్యక్రమానికి 21 ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ ఫుడ్ అండ్ ఫార్మింగ్ అవార్డులు మొదలయ్యాయి. వీధిబండి వాళ్లు, రైతులు, బడుల్లో, ఆసుపత్రుల్లో వండేవాళ్లు కూడా వీటిని అందుకుంటారు. కార్యక్రమంలో లోపం లేదా అంటే, కొన్ని వారాలు ఖరీదైన రొట్టె, ఖరీదైన చీజ్ దగ్గరే తిరుగుతున్నట్టుంటుంది, మామూలు జీతగాడి బజారు సంచీ మరుగునపడుతుంది. పేదలకు సరుకులు ఉచితంగా ఇచ్చే ఫుడ్ బ్యాంకుల ముందు వరుసల గురించి మాట్లాడిన భాగాలు ఆ లోటును కొంత పూడుస్తాయి.

తోబుట్టువులు

ఇదే రేడియో 4లో 2012 నుంచి జే రేనర్ నడిపే ది కిచెన్ క్యాబినెట్ ఉంది. ఊరూరా సభ పెట్టి ప్రేక్షకుల వంట సందేహాలు తీరుస్తారు, సరదాగా ఉంటుంది. అమెరికాలో లిన్ రొసెట్టో కాస్పర్ 2017 దాకా నడిపిన ది స్ప్లెండిడ్ టేబుల్‌ను ఇప్పుడు ఫ్రాన్సిస్ లామ్ నడుపుతున్నారు. 2004లో అక్కడి ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌లో వచ్చిన హిడెన్ కిచెన్స్ వీటికి భిన్నమైనది. కిచెన్ సిస్టర్స్‌గా పేరుపడ్డ డేవియా నెల్సన్, నిక్కీ సిల్వా అనే ఇద్దరు మిత్రురాళ్లు, మీకు తెలిసిన చాటు వంటిళ్ల గురించి చెప్పమని శ్రోతలను ఫోన్లో అడిగారు. వంటగది లేని అద్దెగదుల్లో, వంతెనల కింద బతికేవాళ్లు కరెంటు గ్రిల్ మీద అన్నీ వండుకునే తీరు అలాగే బయటపడింది.

మన దేశంలో ఆకాశవాణి స్త్రీల కార్యక్రమాల్లో వంటలు చెప్పడం ఎప్పటినుంచో ఉంది. తిండి పండించే వైపు రేడియో చేసిన మేలు ఇంకా పెద్దది. 1960లలో తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే వరి వంగడం సంగతి రేడియోలో విని వేసుకున్నారు, దాన్ని రేడియో వరి అనే పిలిచారు.

తెలుగు నేల మీద ది ఫుడ్ ప్రోగ్రామ్‌కు అసలైన తోబుట్టువు జహీరాబాద్ ప్రాంతంలోని సంఘం రేడియో. పి.వి. సతీష్ తదితరులు 1983లో స్థాపించిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది ఈ రేడియో. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. అయినా అనుమతి రావడానికి ఏళ్లు పట్టింది. స్టూడియో సిద్ధంగా ఉండీ ప్రసారం చేసే వీల్లేక, రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం సమావేశాల్లో టేప్‌రికార్డరు మీద వేసి వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరు నుంచి ప్రసారం మొదలైంది. దళిత మహిళలైన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దీన్ని నడిపినవారు. చుట్టుపక్కల పల్లెలు వినే ఈ రేడియోలో జొన్న, సజ్జ, కొర్ర, సామల విత్తనం ఎలా దాచాలో, ఏ ఆకుకూర ఏ కార్తెలో దొరుకుతుందో, పాత పంటలతో ఏం వండాలో ఆ ఊళ్ల యాసలోనే చెబుతారు. విత్తిన చేయి, వండిన చేయి, మైకు పట్టిన చేయి అక్కడ ఒక్కటే. కూపర్ వెతుక్కుంటూ వెళ్లిన మనుషులు ఇక్కడ తామే కార్యక్రమం నడుపుతున్నారు.

పొలం దగ్గర సంఘం రేడియో ఉంది. బజారు దగ్గర, ఫ్యాక్టరీ దగ్గర, హాస్టలు వంటశాల దగ్గర నిలబడి అడిగే తెలుగు కార్యక్రమం కావాలి. గుంటూరు మిర్చి యార్డులో ధర ఎవరు కడతారో, భీమవరం చెరువుల రొయ్య ఏ మందు తాగి పెరుగుతుందో, ఆత్రేయపురం పూతరేకు చుట్టే ఆడమనిషికి రోజుకు ఎంత ముడుతుందో, బడి పిల్లల మధ్యాహ్న భోజనం పళ్లెంలో నిజంగా ఏముందో అడగాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రాలకు గొంతులూ ఉన్నాయి, శ్రోతలూ ఉన్నారు. వారానికో అరగంట దీనికి కేటాయించమని శ్రోతలు ఉత్తరాలు రాయాలి.